రెండేళ్లు పెంచి చూశాక: "అరుదైన రంగుల" పూల మొక్కల పెట్టె గురించి

గత నెలలో ఒక సాయంత్రం నా చంద్రకాంత మొక్కలో ఒకే కొమ్మ మీద మూడు రకాల పూలు విచ్చుకున్నాయి. ఒకటి నిండు పసుపు. రెండోది పసుపు మీద కుంచె విదిలించినట్టు ఎర్రటి తుంపర. మూడోది సరిగ్గా సగానికి సగం. ఇటు పసుపు, అటు ముదురు గులాబీ, మధ్యలో హద్దు సూదితో గీసినంత సన్నగా ఉంది. నేను ఇరవయ్యారేళ్లు అచ్చు యంత్రం పక్కన నిలబడి సిరాలు కలిపినదాన్ని. రెండు రంగులు ఒకదానిలోకి ఒకటి పాకకుండా అంచు తీరుగా పడాలంటే పలకలు వెంట్రుకవాసి కూడా జరగకూడదని నాకు తెలుసు. అందుకే ఆ పువ్వు ముందు చాలాసేపు కూర్చున్నాను. చీకటి పడ్డాక దీపం తెచ్చుకొని మళ్లీ చూశాను.

ఆ మొక్క రెండేళ్ల కిందట తపాలాలో తెప్పించుకున్న పెట్టెలోనిది. "అరుదైన రంగుల పూల మొక్కలు" అనే పేరుతో ఒక నర్సరీ అమ్ముతున్న సంకలనం అది. నర్సరీ పేరు ఇక్కడ రాయను. వారితో తేల్చుకోవాల్సినవి వారితోనే తేల్చుకున్నాను. కానీ ఇలాంటి పెట్టెలు ఇప్పుడు చాలామంది అమ్ముతున్నారు, చాలామంది కొంటున్నారు. కొన్న మొదటి వారంలోనే "చక్కగా ప్యాక్ చేశారు, ఐదు చుక్కలు" అని రాసేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. రంగు మారిన మొక్క సంగతి మొదటి వారంలో తేలదు. కొన్నిటిది మొదటి ఏడాదిలో కూడా తేలదు. అందుకే ఇంతకాలం ఆగి రాస్తున్నాను.

పెట్టెలో వచ్చినవి ఇవి: చంద్రకాంత గింజలు ఇరవై, చారల గులాబీ ఒకటి, అంటు గులాబీ ఒకటి, మెట్టతామర దుంపలు రెండు, చుక్కల పెటూనియా నారు మూడు, చామంతి మొక్క ఒకటి, చక్రం పూల ఆఫ్రికన్ వయొలెట్ ఒకటి, వీటితో పాటు కానుకగా "నీలి గులాబీ" విత్తనాల పొట్లం. వేళ్లకు తడి నాచు చుట్టి, దుంపలను పొడి రంపపు పొట్టులో పెట్టి పంపారు. ఒక్క కొమ్మ విరగలేదు. ప్యాకింగ్ విషయంలో వారికి వంక పెట్టలేను.

వంక పెట్టాల్సింది చీటీలకు. ప్రతి మొక్క మెడలోనూ ఒక రంగుల ఫోటో చీటీ వేలాడుతోంది. ఫోటో, పేరు, "ఎండ కావాలి, నీడ కావాలి" అనే గుర్తు, అంతే. ఈ రంగు ఈ మొక్కకు ఎలా వచ్చింది, ఈ మొక్కను గింజ నుంచి తీశారా, కొమ్మ నుంచి తీశారా, అంటు కట్టారా, రంగు పోతే ఏం చేయాలి అన్నది ఒక్క ముక్క లేదు. మామూలు మొక్కకైతే ఆ లోటు పెద్దది కాదు. రంగు మారిన మొక్కకు అసలు సంగతే అది. ఈ రెండేళ్లలో నాకు దక్కిన ఆనందమంతా, ఎదురైన నిరాశంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

చంద్రకాంతతోనే మొదలుపెడతాను, పెట్టెలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే కాబట్టి. ఇరవై గింజల్లో పదిహేడు మొలిచాయి. మిరియాల్లా నల్లగా, ముడతలు పడి ఉండే గింజలు. ఒక రాత్రి నానబెట్టి నాటితే చాలు. పదిహేడింటిలో తొమ్మిది చారల పూలు పూశాయి, ఐదు నిండు పసుపు, మూడు నిండు గులాబీ. చీటీ మీద ఫోటోలో ఉన్నది చారల పువ్వు ఒక్కటే. తొమ్మిది వచ్చినందుకు నేను సంతోషించాను కానీ, మరొకరైతే ఎనిమిది మొక్కలు మోసమని అనుకుంటారు. అది మోసం కాదు. చారల చంద్రకాంత గింజ అచ్చంగా తల్లిలాగే పూస్తుందని హామీ ఇవ్వడం కుదరదు. ఆ మాట చీటీ మీద రాయకపోవడమే తప్పు.

చారలు ఎందుకు పడతాయంటే, రంగు తయారు చేసే జన్యువులో ఒక తునక వచ్చి ఇరుక్కుంటుంది. అది ఇరుక్కున్నంతసేపు ఎరుపు తయారు కాదు, అడుగున ఉన్న పసుపే కనిపిస్తుంది. పువ్వు పెరుగుతుండగా ఏదో ఒక కణంలో ఆ తునక ఊడి బయటికి దూకుతుంది. ఆ కణానికి ఎరుపు తిరిగి వస్తుంది, దాని సంతానమైన కణాలన్నిటికీ వస్తుంది. ఇలాంటి దూకే జన్యువులను అమెరికా శాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న గింజల మీది మచ్చలు చూసి కనిపెట్టింది. దశాబ్దాల తర్వాత, 1983లో, ఆమెకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ సంగతి తెలిశాక నేను చంద్రకాంత పువ్వును చూసే తీరే మారిపోయింది. మచ్చ ఎంత పెద్దదో చూస్తే తునక ఎప్పుడు దూకిందో చెప్పవచ్చు. సన్నని చుక్క అయితే పువ్వు దాదాపు తయారయ్యాక దూకింది. వెడల్పాటి పట్టీ అయితే మొగ్గ చిన్నగా ఉన్నప్పుడు దూకింది. సగం పువ్వు మారిపోయిందంటే మొగ్గ ఇంకా కొన్ని కణాల ముద్దగా ఉన్నప్పుడే ఆ పని జరిగిపోయింది. ఆ సాయంత్రం నేను దీపం వెలుగులో చూసిన హద్దు గీత వెనక ఉన్నది అదే.

చంద్రకాంత వర్ణకాలు కూడా వేరు. గులాబీలో, పెటూనియాలో ఎరుపు, ఊదా ఇచ్చేవి ఆంథోసయనిన్లు. చంద్రకాంతలోనూ బోగన్‌విలియాలోనూ ఉండేవి బీటాలెయిన్లు, అంటే బీట్‌రూట్‌కు రంగునిచ్చే జాతి. నా కంటికి ఆ తేడా తెలుస్తుంది. చంద్రకాంత గులాబీ రంగులో ఒక మెరుపు ఉంటుంది. దాన్ని నాలుగు సిరాల అచ్చులో పట్టుకోవడం దాదాపు అసాధ్యం. చీటీ మీది ఫోటోలో ఆ పువ్వు వెలవెలబోయినట్టు ఉంది, అసలు పువ్వు దాని కంటే ఎన్నో రెట్లు బాగుంది. ఫోటో చూసి మోసపోయేవారే ఎక్కువ, ఫోటో చూసి వదిలేసుకోకూడని మొక్క ఇది.

పదిహేడు మొక్కల్లో ఒకదానికి ఆకుల మీద తెల్లని మరకలు వచ్చాయి. ఇది పూల రంగుకు సంబంధించిన మార్పు కాదు, ఆకుపచ్చదనానికి సంబంధించినది. చంద్రకాంత మీదనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ కోరెన్స్ 1909లో ఒక గొప్ప సంగతి తేల్చాడు. మరకల మొక్కలో పచ్చటి కొమ్మకు కాసిన గింజ పచ్చటి మొక్కే ఇస్తుంది. తెల్లటి కొమ్మకు కాసిన గింజ తెల్లటి మొలకే ఇస్తుంది. పుప్పొడి ఎక్కడి నుంచి వచ్చినా సరే, తల్లి కొమ్మదే మాట. నేను పచ్చ, తెల్ల, మరకల కొమ్మలు మూడింటి నుంచీ గింజలు విడివిడిగా తీసి నాటాను. తెల్ల కొమ్మ గింజలు మొలిచి, పాలలాంటి రెండు ఆకులు విప్పి, పది రోజుల్లో వాలిపోయాయి. పత్రహరితం లేకపోతే గింజలో ఉన్న నిల్వ అయిపోగానే ఆకలితో చచ్చిపోతాయి. అలా జరుగుతుందని ముందే తెలిసినా వాటిని చూస్తే మనసు కష్టపడింది.

నచ్చిన చంద్రకాంతను నిలుపుకోవాలంటే గింజ మీద ఆధారపడకండి. దాని వేరు దుంపలా ఊరుతుంది. పై భాగం ఎండిపోయినా ఆ దుంప బతికే ఉండి మళ్లీ చిగురిస్తుంది. దుంప నుంచి వచ్చేది అదే మొక్క, అదే చారల గుణం. నేను బాగా నచ్చిన రెండింటి కుండీలకు రంగు దారం కట్టి ఉంచాను.

ఇక చారల గులాబీ. చీటీ మీద "రోజా ముండి" అని రాసి ఉంది, వచ్చింది నిజంగానే అది. లేత గులాబీ రేకుల మీద ముదురు ఎరుపు చారలు, చిలకరింపులు, ఏ రెండు పూలూ ఒకలా ఉండవు. ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. మొదటి ఏడాది ఆకులే. రెండో ఏడాది పదకొండు పూలు. వాటి కోసం అంత కాలం ఎదురుచూడటం వృథా అనిపించలేదు.

ఈ గులాబీ పుట్టుక తెలుసుకొంటే దాని మీద మమకారం పెరుగుతుంది. "అఫిసినాలిస్" అనే నిండు ఎర్ర గులాబీ ఉంది, పాత వైద్యులు మందులకు వాడినది. ఆ మొక్కలో ఎక్కడో ఒక కొమ్మ ఉన్నట్టుండి చారల పూలు పూసింది. ఇలా ఒక్క కొమ్మ మారిపోవడాన్ని తోటమాలులు స్పోర్ట్ అంటారు. ఎవరో ఆ కొమ్మను గమనించి, కోసి, నాటుకున్నారు. 16వ శతాబ్దం నాటికే ఈ గులాబీ తోటల్లో ఉంది. అప్పటి నుంచి ఇప్పటి దాకా గింజతో కాదు, కొమ్మతో, పిలకతో, అంటుతో చేతి నుంచి చేతికి వస్తూనే ఉంది. దానికి తోడు, ఈ మొక్కకు తన పాత రంగు గుర్తుంటుంది. అప్పుడప్పుడు ఒక కొమ్మ నిండు ఎరుపుకు తిరిగిపోతుంది. ఆ కొమ్మను వదిలేస్తే కొన్నేళ్లలో ఎర్ర కొమ్మలే మొక్కంతా ఆక్రమించుకోవచ్చు. నాలుగు వందల ఏళ్లకు పైగా ఎవరో ఒకరు కత్తెర పట్టుకొని ఆ ఎర్ర కొమ్మలను తీసేస్తూ ఉన్నందువల్లే చారల గులాబీ ఇవాళ నా కుండీలో ఉంది. నా మొక్కలోనూ రెండో ఏడాది ఒక కొమ్మకు రెండు పూలు నిండు ఎరుపు వచ్చాయి. పూలు రాలేదాకా ఆగి, ఆ కొమ్మను మొదలంటా కోసేశాను. ఎర్ర పూలు కూడా అందమైనవే, కోస్తుంటే చేయి ఆడలేదు. అయినా కోశాను.

ఈ సూచన చీటీ మీద ఒక్క వాక్యంలో రాయవచ్చు: "పూర్తిగా ఎర్రగా పూసిన కొమ్మను మొదలుకు కోయండి." అది లేకపోవడం వల్ల ఎంతమంది ఇళ్లలో రోజా ముండి తిరిగి అఫిసినాలిస్ అయిపోయిందో అనిపిస్తుంది.

స్పోర్ట్‌ల విషయం కొత్తదేమీ కాదు. 1868లోనే డార్విన్ ఇలాంటి కొమ్మ మార్పులను ఒక పెద్ద అధ్యాయంగా పోగుచేశాడు. గులాబీల్లో అవి మరీ ఎక్కువ. 1945లో మార్కెట్లోకి వచ్చిన "పీస్" గులాబీ లేత పసుపు, అంచున గులాబీ రంగు. దాని కొమ్మ ఒకటి మారి "షికాగో పీస్" అయింది. అమెరికాలో 1931లో ఇచ్చిన మొట్టమొదటి మొక్కల పేటెంటు కూడా ఒక స్పోర్ట్‌కే, "న్యూ డాన్" అనే తీగ గులాబీకి. దాని విషయంలో మారింది రంగు కాదు. ఏడాదికి ఒక్కసారి పూసే తల్లికి పదేపదే పూసే కొమ్మ పుట్టింది.

అంటు గులాబీ దగ్గర నాకు కోపం వచ్చింది. "రంగులు మార్చే గులాబీ" అని చీటీ. మొదటి పూలు నారింజ, పసుపు కలిసి బాగానే ఉన్నాయి. ఎండలు ముదిరాక పై కొమ్మలు ఎండిపోయాయి. తర్వాత అడుగు నుంచి బలమైన పొడవాటి కొమ్మ లేచి, గుత్తులుగా ముదురు ఎరుపు చిన్న పూలు పూసింది. నర్సరీకి ఫోన్ చేస్తే ఒక అబ్బాయి ఎత్తాడు.

"అమ్మా, చీటీ మీద రాసిందే కదండీ, రంగులు మారుస్తుందని. మీ మొక్క మార్చింది" అన్నాడు.

"బాబూ, మొక్క రంగు మార్చలేదు. అంటు చచ్చిపోయి, కింద ఉన్న వేరుమూలం, అంటే అంటు కట్టడానికి ఆధారంగా వాడిన వేరే గులాబీ, పైకి వచ్చింది. కొమ్మ అంటు ముడి కింద నుంచి లేచింది. ఫోటో పంపుతాను, చూడు" అన్నాను.

చూశాడు, ఒప్పుకున్నాడు. కుర్రవాడి మీద నాకు కోపం లేదు, ఎవరూ నేర్పి ఉండరు. చాలామంది "నా గులాబీ రంగు మారింది" అని చెప్పే కథల్లో జరిగేది ఇదే. గుర్తుపట్టడానికి ఆకులు లెక్కపెట్టమని చెబుతారు, ఏడు చిట్టి ఆకులుంటే వేరుమూలమని. దాన్ని నమ్మవద్దు, మంచి గులాబీల్లోనూ ఏడు ఆకులు వస్తాయి. మొక్క మొదలు దగ్గర మట్టి కాస్త తొలగించి, కొమ్మ ఎక్కడి నుంచి మొలిచిందో చూడండి. ముడి కింద నుంచైతే వేరుమూలం. ముడి పైన, పాత కొమ్మ మీదే కొత్త రంగు వస్తే, అప్పుడు సంతోషించండి.

మెట్టతామరలు రెండూ ఒకే పేరుతో వచ్చాయి కానీ వాటి కథలు వేరు. ఒకటి "క్లియోపాత్రా" అనే రకం. పసుపు పూల మీద ఎర్ర మచ్చలు, ఒక్కోసారి ఒక రేకు మొత్తం ఎరుపు, ఒక్కోసారి సగం గుత్తి ఎరుపు. ఆకుల మీద కూడా ముదురు ఊదా పట్టీలు ఉంటాయి. కాండం మీద ఊదా పట్టీ నడిచిన వైపే పువ్వు ఎర్రబడటం నా మొక్కలో చాలాసార్లు చూశాను. ఒకే మొక్కలో రెండు రకాల కణజాలం పక్కపక్కనే పెరుగుతోందన్నమాట. నేల మీది నుంచి పువ్వు దాకా ఒక రంగును వేలితో తడుముతూ వెళ్లగలిగే మొక్క మరొకటి నా దగ్గర లేదు.

రెండో దుంప మొలిచిన తీరు మొదటి నుంచీ నచ్చలేదు. ఆకుల మీద ఈనెల వెంబడి పాలిపోయిన పసుపు గీతలు, అంచులు ముడుచుకుపోవడం, పూల మీద నీళ్లు పడి చెదిరినట్టు వెలిసిపోయిన చారలు. పక్కన క్లియోపాత్రా పట్టీలు ఎంత నిబ్బరంగా ఉన్నాయో, ఇవి అంత దిగులుగా ఉన్నాయి. మెట్టతామరకు వచ్చే వైరస్‌ల లక్షణాలు ఇవే. నేను పరీక్షకు పంపలేదు, మరో ఆలోచన లేకుండా దుంపతో సహా పీకి పారేశాను, కత్తిని శుభ్రం చేశాను. వైరస్ చారలను అందంగా చూసిన చరిత్ర మనుషులకు ఉంది. 1630ల్లో హాలండ్‌లో పిచ్చిగా కొన్న చారల ట్యులిప్‌లు వైరస్ సోకినవే. పేనుబంక ఒక గడ్డ నుంచి మరో గడ్డకు దాన్ని మోసేది. అది అంటువ్యాధి అని 1928లో డొరతీ కేలీ నిరూపించింది. ఆ గడ్డలు ఏటేటా నీరసించిపోయేవి. ఈ రోజుల్లో మామూలుగా అమ్మే చారల ట్యులిప్‌లు అలా వైరస్ సోకినవి కావు, చారలు జన్యువుల్లోనే ఉన్న ఆరోగ్యమైన రకాలు. నర్సరీ వారు ఆ రెండో దుంపను తెలిసి పంపారని నేను అనుకోను. కానీ చారలు కనిపించగానే "అరుదైనది" అని పెట్టెలో వేసేస్తే పక్కవారి తోట కూడా పాడవుతుంది.

పెటూనియాల మీద చాలామంది ఫిర్యాదు చేస్తారు, నేను చేయను. అవి "నైట్ స్కై" రకం. ముదురు ఊదా రేకుల మీద తెల్లటి చుక్కలు, నక్షత్రాలు చల్లినట్టు. మొదటి పూలు అద్భుతం. రాత్రులు వేడెక్కాక వచ్చిన పూలు దాదాపు నిండు ఊదా. మళ్లీ చల్లబడ్డాక చుక్కలు తిరిగి వచ్చాయి. ఇది పాడైపోవడం కాదు. ఈ తెల్ల చోట్లలో వర్ణకం తయారు చేసే జన్యువు ఉంటుంది, దాని మాట మాత్రం మధ్యలోనే అణగిపోతుంది. అణగడం ఎంత అనేది వేడిని బట్టి మారుతుంది. పెటూనియాలు ఈ విషయంలో మనుషులకు పెద్ద పాఠమే నేర్పాయి. 1990లో పరిశోధకులు ఊదా రంగును ఇంకా ముదురు చేద్దామని ఆ జన్యువు ప్రతిని అదనంగా చేర్చితే, కొన్ని పూలు పూర్తిగా తెల్లబడ్డాయి, కొన్ని చారలు పడ్డాయి. మొక్క కొత్త ప్రతితో పాటు తన సొంత ప్రతిని కూడా నోరు మూయించింది. జన్యువుల నోరు మూయించే ఆ పద్ధతి మీద తర్వాత ఎంతో పరిశోధన జరిగింది. చీటీ మీద "చల్లని రాత్రుల్లో చుక్కలు ఎక్కువ" అని రాస్తే ఈ మొక్క మీద పడే నిందలు సగం తగ్గుతాయి.

మరో మాట. ఎక్కడైనా మండిపోయే నారింజ రంగు పెటూనియా కనిపిస్తే, అది ఎక్కడిదని అడగండి. అలాంటి కొన్ని రకాల్లో ప్రయోగశాలలో చేర్చిన మొక్కజొన్న జన్యువు ఉందని తేలడంతో 2017లో వాటిని ఐరోపాలోనూ అమెరికాలోనూ అమ్మకాల నుంచి వెనక్కి తీసుకున్నారు. అమ్మినవారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఆఫ్రికన్ వయొలెట్ చీటీ మీద ప్రతి రేకుకూ మధ్యలో తెల్లటి పట్టీ, అంచుల్లో ఊదా, చక్రం ఆకుల్లా. నాకు పూసింది నిండు ఊదా. కుండీలోంచి తీసి చూస్తే కారణం అక్కడే ఉంది. మొక్క అడుగున తల్లి ఆకు కాడ ఎండి అంటుకొని ఉంది, అంటే ఆకు నాటి తీసిన పిల్ల. మామూలు ఆఫ్రికన్ వయొలెట్‌కు అది సరైన పద్ధతే. చక్రం పూలకు పనికిరాదు. చక్రం పువ్వు మొక్కలో చిగురు పొరలు పొరలుగా ఉంటుంది. పై పొరలో ఒక రంగు జన్యువులు, లోపలి పొరలో మరో రంగు జన్యువులు ఉంటాయి, రెండూ ఒకదాని మీద ఒకటి అలాగే పెరగాలి. ఆకు నాటితే కొత్త పిల్ల ఏదో కొద్ది కణాల నుంచి మొలుస్తుంది, పొరల అమరిక చెదిరిపోతుంది. రెండు సిరాల అచ్చులో ఒక పలక తీసేసినట్టే. చక్రం నిలవాలంటే మొక్క పక్కన వచ్చే పిలకను వేరు చేయాలి, లేదా పూకాడ మీది చిన్న ఆకుల దగ్గర నిద్రపోయే మొగ్గను లేపాలి. ఇది పెంపకందారులకు కొత్త సంగతి కాదు. ఆకు నాటి తీసిన పిల్లకు చక్రం ఫోటో చీటీ కట్టడం నేను క్షమించలేకపోయిన తప్పు. ఉత్తరం రాశాను. నర్సరీ పెద్దాయనే స్వయంగా జవాబు రాసి, పిలక నుంచి తీసిన మొక్కను, పువ్వు విచ్చుకొని ఉండగా పంపారు. అది ఇప్పుడు నా కిటికీలో తిరుగుతున్న చక్రంలాగే ఉంది. ఆ మర్యాదకు వారికి రుణపడ్డాను.

నీలి గులాబీ విత్తనాల గురించి ఎక్కువ రాయను. గులాబీకి నీలం ఇచ్చే డెల్ఫినిడిన్ అనే వర్ణకాన్ని తయారు చేసే శక్తి లేదు. జపాన్‌లో సంటోరీ సంస్థ పాన్సీ పువ్వు జన్యువు చేర్చి ఏళ్ల తరబడి శ్రమపడి "అప్లాజ్" అనే గులాబీని 2009లో అమ్మకానికి తెచ్చింది. అది కూడా లేత వంగపండు రంగే. పోనీ అలాంటి గులాబీ ఉన్నా, తోట గులాబీ గింజలు తల్లి రంగులో పూయవు. నా పొట్లంలో మొలిచిన నాలుగూ గులాబీ మొక్కలే కావు. దీని గురించి మూడుసార్లు రాశాను, జవాబు రాలేదు. మిగతా పెట్టె అంతా ఒక ఎత్తు, ఈ పొట్లం ఒక ఎత్తు. ఐదు చుక్కలకు నేను ఇచ్చేవి మూడు. తగ్గిన రెండింటిలో ఒకటిన్నర ఈ పొట్లానికి, మిగతా సగం చీటీలకు. కానుకే కదా అని ఊరుకోవచ్చని ఎవరైనా అంటే, ఆ పొట్లం చేతిలో పెట్టుకొని రోజూ కుండీ దగ్గరికి పరిగెత్తే పిల్లలను తలచుకోండి.

చివరగా చామంతి. తెల్ల చామంతి మొక్క, ఒక కొమ్మ మాత్రం పసుపు పూస్తుందని చీటీ. మొదటి ఏడాది అన్నీ తెలుపే. రెండో ఏడాది ఒక పక్క కొమ్మకు రెండు పసుపు పూలు వచ్చాయి. అచ్చులో తెలుపు అంటే సిరా పడని కాగితం. చామంతిలో తెలుపు అలాంటిది కాదని ఈ మొక్క వల్లే తెలుసుకున్నాను. తెల్ల చామంతి రేకు కూడా పసుపు వర్ణకాలను, కెరోటినాయిడ్లను, తయారు చేస్తుంది. వాటిని ఒక ఎంజైము వెంట వెంటనే ముక్కలు చేసి పారేస్తుంది. జపాన్ పరిశోధకులు 2006లో ఈ సంగతి బయటపెట్టారు. ఏదైనా కొమ్మలో ఆ ఎంజైము జన్యువు పోతే, అణిగి ఉన్న పసుపు పైకి వస్తుంది. అందుకే తెల్ల చామంతికి పసుపు స్పోర్ట్‌లు రావడం తోటమాలులకు బాగా తెలిసిన విషయం. ఆ పసుపును చూస్తే కొత్తగా వచ్చినదానిలా కాక, ఎప్పటి నుంచో లోపల ఉండి ఇప్పుడు ముసుగు తీసినదానిలా ఉంది. అంచున కొంచెం ఆకుపచ్చ ఛాయ కలిసిన చల్లని పసుపు అది. నేను కలిపిన ఏ పసుపుతోనూ దాన్ని పోల్చలేను.

ఆ కొమ్మ పూలు వాడగానే, కొత్త చిగుళ్లు రావడానికి సగానికి కోశాను. వచ్చిన చిగుళ్లలో నాలుగింటిని కణుపు కింద కోసి ఇసుకలో నాటాను, ప్రతిదానికీ తేదీ రాసిన పట్టీ కట్టాను. మూడు వేళ్లూనుకున్నాయి. వాటిలో ఒకటి మొన్న చిన్న మొగ్గ వేసింది. మొగ్గ ఇంకా పచ్చగానే ఉంది, కొసన రంగు తేలడానికి మరో వారం పడుతుంది. రోజూ పొద్దున్నే ముందు దాని దగ్గరికే వెళ్తున్నాను.